తేడాయే సాక్ష్యం: కుటుంబ చరిత్ర పరిశోధనలో జనన తేదీల వైరుధ్యం

ఉపోద్ఘాతం

తెలుగు శాఖల్లో సమర్పితమయ్యే సిద్ధాంత గ్రంథాల్లో 'జీవిత విశేషాలు' అనే అధ్యాయం తప్పనిసరి. అందులో మొదటి వాక్యం జనన తేదీ. గ్రంథం మొత్తంలో అతి తక్కువ పరీక్షకు గురయ్యే వాక్యం కూడా అదే. కవి ఛందస్సుపై, పాఠభేదాలపై పుటల కొద్దీ చర్చ సాగించే పరిశోధకులు జనన తేదీ దగ్గరకు వచ్చేసరికి దొరికిన మొదటి ఆధారాన్ని స్వీకరిస్తారు. రెండు తేదీలు కనిపిస్తే ఒకదాన్ని తొలగిస్తారు, లేదా రెంటి మధ్య అడ్డగీత గీసి ముందుకు సాగుతారు. తాళపత్ర ప్రతిలో రెండు పాఠాలు ఎదురైనప్పుడు ఏ పరిష్కర్తా ఇలా ప్రవర్తించడు. అక్కడ పాఠాంతరం ఎలా పుట్టిందన్న ప్రశ్న మొదట వస్తుంది. తేదీ విషయంలో ఆ ప్రశ్న రాకపోవడమే ఈ వ్యాసం ఎత్తి చూపదలచిన లోపం.

ఇక్కడ ప్రతిపాదించే వాదం ఒకటే. జనన తేదీల మధ్య ఉన్న తేడా పరిశోధనకు అడ్డంకి కాదు. అదే ప్రధాన సాక్ష్యం. తేడా ఎంత, ఏ దిశలో ఉంది, ఏ కాలగణనల మధ్య ఏర్పడింది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే అనేక సందర్భాల్లో తేదీ తనంతట తానే తేలుతుంది. తేలని సందర్భంలో ఎందుకు తేలలేదో తెలుస్తుంది. తేడాను తుడిచివేసి ఒక తేదీని 'స్థిరపరచిన' పరిశోధకుడు సమస్యను పరిష్కరించినట్టు కాదు, సాక్ష్యాన్ని నాశనం చేసినట్టు.

ఈ వాదానికి శంషాబాదు పరిసరాలను క్షేత్రంగా స్వీకరించడానికి కారణముంది. 2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాల్లో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన ఈ నేలమీద ఒకే కుటుంబం మూడు తరాల్లో నాలుగు కాలగణనలను అనుభవించింది. జననానికి ఇక్కడ ఒక లెక్క, భూమికి మరొక లెక్క, బడికి ఇంకొక లెక్క ఉండేవి. ఇప్పుడు పాస్‌పోర్టులోని ఒక్క తేదీ ఆ లెక్కలన్నింటి స్థానాన్ని ఆక్రమించింది.

ఒకే నేల, నాలుగు కాలగణనలు

శంషాబాదు పేరును పైగా ప్రభువులైన షంసుల్ ఉమరా వంశంతో ముడిపెడతారు. నిజాం రాజ్యంలోని ఈ ప్రాంతపు పల్లెల్లో పుట్టిన మనిషి వయస్సు ఒకేసారి నాలుగు చోట్ల నాలుగు విధాలుగా నమోదయ్యే అవకాశముంది. ఇంట్లో తెలుగు సంవత్సరం, మాసం, తిథి. ముస్లిం కుటుంబాల్లో, రాజభాషా వ్యవహారంలో హిజ్రీ. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ. పోలీసు చర్య తరువాత అన్నిచోట్లా ఆంగ్ల సంవత్సరం. వీటిలో ఏ రెండూ ఒకే రోజు మొదలు కావు. 20వ శతాబ్దిలో నిజాం రాజ్యపు ఫసలీ సంవత్సరం అక్టోబరు తొలి వారంలో ఆజూరు నెలతో ఆరంభమయ్యేది. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది. హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులే కనుక ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది.

ఫసలీకి 590 కలిపితే ఆంగ్ల సంవత్సరం వస్తుందన్న సూత్రం పరిశోధకులలో విస్తృతంగా వాడుకలో ఉంది. ఆ సూత్రాన్ని తిథితో సహా అందరికీ తెలిసిన ఒక సంఘటనపై పరీక్షించవచ్చు. హైదరాబాదును ముంచిన మూసీ వరద 1908 సెప్టెంబరు 28న వచ్చింది. తెలుగు లెక్కలో అది కీలక నామ సంవత్సర ఆశ్వయుజం, హిజ్రీ లెక్కలో 1326 రంజాన్, ఫసలీ లెక్కలో 1317. కేవలం 590 కలిపితే వరద 1907లో వచ్చినట్టవుతుంది. ఆ వరదకు రెండు వారాల తరువాత పుట్టిన బిడ్డకు ఫసలీ 1318 పడుతుంది, అప్పుడు అదే సూత్రం సరిగ్గా 1908 అని చెబుతుంది. అంటే ఈ సూత్రం అక్టోబరు నుంచి డిసెంబరు వరకే చెల్లుతుంది. మిగిలిన తొమ్మిది నెలలకు 591 కలపాలి. జాగీర్ల రద్దు శాసనం తన పేరులోనే 1358 ఫసలీని మోస్తున్నది. అది వెలువడినది 1949 ఆగస్టు 15న, 1948లో కాదు. శాసనాల విషయంలో ఎవరూ పొరబడరు, ఆంగ్ల తేదీ పక్కనే ఉంటుంది కనుక. పల్లెలో పుట్టిన మనిషి విషయంలో అలాంటి తోడు తేదీ ఉండదు.

తోడు తేదీ లేనిచోట పల్లె తన గుర్తులను తాను ఏర్పరచుకుంది. హిమాయత్‌సాగర్ కట్టిన కాలం, గత్తర వచ్చిన ఏడు, రజాకార్ల జమానా, పోలీసు చర్య వంటివి శంషాబాదు చుట్టుపక్కల వృద్ధుల నోట కాలసూచికలు. వీటిని 'జానపద స్మృతి' అని పక్కన పెట్టడం పొరపాటు. హిమాయత్‌సాగర్ నిర్మాణం 1927లో పూర్తయింది. పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగింది. సంవత్సరం తెలిసిన సంఘటనకు కట్టిన జననం, సంవత్సరం మాత్రమే ఉన్న కాగితం కంటే ఒక్కొక్కసారి ఎక్కువ ఖచ్చితమైనది. విమానాశ్రయం, బాహ్య వలయ రహదారి ఈ గుర్తులు నిలిచిన భూదృశ్యాన్నే మార్చివేశాయి. సంవత్సర నామాలతో, సంఘటనలతో వయస్సు చెప్పగల తరం వేగంగా కనుమరుగవుతోంది. ఈ చర్చకు తొందర ఉన్నది అందుకే.

మూడు దురలవాట్లు

వైరుధ్యం ఎదురైనప్పుడు పరిశోధకులు సాధారణంగా మూడు మార్గాల్లో ఒకదాన్ని ఎన్నుకుంటారు.

మొదటిది పత్రప్రామాణ్యం. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం మిగిలిన అన్నిటినీ ఓడిస్తుందన్న భావన ఇది. న్యాయస్థానాలే ఈ భావనను అంగీకరించలేదు. 1988లో బిరద్‌మల్ సింఘ్వీ, ఆనంద్ పురోహిత్ మధ్య వివాదంలో సర్వోన్నత న్యాయస్థానం పాఠశాల రిజిస్టరులోని జనన తేదీని పరిశీలించింది. ఆ తేదీని ఎవరు చెప్పగా రాశారో, వారికి ఆ సంగతి ఎలా తెలుసో తేలనిదే ఆ నమోదుకు సాక్ష్యవిలువ ఉండదని నిర్ణయించింది. 2024 అక్టోబరులో అదే న్యాయస్థానం ఆధార్ కార్డు జనన తేదీకి రుజువు కాదని స్పష్టం చేసింది. జనన ధ్రువపత్రం కూడా ఎప్పుడు పుట్టిన కాగితమో చూడక తప్పదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఏడాది దాటిన జననాన్ని మేజిస్ట్రేటు ఉత్తర్వుతో నమోదు చేయించుకోవచ్చు. నలభై ఏళ్ల తరువాత తీసుకున్న అలాంటి ధ్రువపత్రం నలభై ఏళ్ల తరువాతి వాంగ్మూలమే. కాగితం కొత్తదైనంత మాత్రాన జ్ఞాపకం తాజాది కాదు.

రెండవది సంఖ్యాబలం. ఐదు పుస్తకాలు ఒక తేదీని, ఒక పుస్తకం మరో తేదీని చెబితే ఐదింటిదే గెలుపు అన్న వైఖరి ఇది. ఐదు పుస్తకాలూ ఒకే ముందుమాట నుంచి ఎత్తి రాసినవైతే అక్కడ ఉన్నది ఒక్క సాక్షి మాత్రమే. పాఠపరిష్కరణ శాస్త్రంలో ఒకే మాతృక నుంచి వచ్చిన ప్రతులను ఒక్క ప్రతిగా లెక్కించే నియమం తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. ఆ నియమాన్ని జీవితచరిత్రకు వర్తింపజేయకపోవడానికి సరైన కారణం కనిపించదు. ఓటరు జాబితా, రేషను కార్డు, ఆధార్ మూడూ ఒకే సంవత్సరాన్ని చూపితే మూడు సాక్ష్యాలు దొరికాయని సంబరపడనక్కర లేదు. మొదటి దాన్ని చూపి రెండవది, రెండవ దాన్ని చూపి మూడవది పొందినట్టయితే ఆ గొలుసు మొదట్లో ఒక్క నోటిమాటే ఉంటుంది.

మూడవది అడ్డగీత. '1861/1862' అని రాసి చేతులు కడుక్కోవడం వినయంగా కనిపిస్తుంది. వాస్తవానికి అది పరిశోధకుడు చేయవలసిన పనిని పాఠకుడికి అప్పగించడం. రెండు తేదీలను ఒకే బరువుతో చూపినప్పుడు ఏది మొదట పుట్టింది, రెండవది దానిలోంచే వచ్చిందా అన్న ప్రశ్నలు మూసుకుపోతాయి. అమెరికాలో వంశచరిత్రకారుల ధ్రువీకరణ మండలి అనుసరించే ప్రమాణంలో ఐదు అంగాలున్నాయి: సహేతుకమైనంత విస్తృత అన్వేషణ, సంపూర్ణ ఆధార సూచన, సాక్ష్యాల విశ్లేషణ, విరుద్ధ సాక్ష్యాల పరిష్కారం, హేతుబద్ధమైన లిఖిత నిర్ణయం. అభిరుచితో తమ పూర్వీకులను వెదికేవారు పాటించే ఈ కనీస నియమం విశ్వవిద్యాలయ పట్టాకు సమర్పించే గ్రంథంలో లేకపోవడం సమర్థనీయం కాదు.

తేడా పరిమాణం చెప్పే సంగతులు

రెండు తేదీల మధ్య ఎడం ఎంత ఉన్నదో మొదట కొలవాలి. కాలగణన వల్ల పుట్టే తేడాలకు తమవైన కొలతలున్నాయి. తెలుగు సాహిత్యానికి, శంషాబాదు నేలకు సంబంధించిన మూడు ప్రసిద్ధ సందర్భాలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి.

విమానాశ్రయానికి సమీపాన శంషాబాదు మండలంలోని ముచ్చింతలలో 2022 ఫిబ్రవరి 5న 216 అడుగుల రామానుజ విగ్రహం ఆవిష్కృతమైంది. సహస్రాబ్ది ఉత్సవానికి ఆధారం సంప్రదాయం చెప్పే 1017వ సంవత్సరం, అనగా పింగళ నామ సంవత్సరం. ఆచార్యుని 120 ఏళ్ల జీవితానికి గుర్తుగా లోపలి మూర్తిని 120 కిలోల బంగారంతో రూపొందించారు. ఆధునిక పరిశోధకులలో కొందరు రామానుజుని కాలాన్ని 1077–1157గా ప్రతిపాదించారు. 1017కూ 1077కూ మధ్య ఎడం సరిగ్గా 60 ఏళ్లు. 1077 కూడా పింగళ సంవత్సరమే. ప్రభవాది చక్రంలో నామం మాత్రమే నిలిచి శకసంఖ్య జారిపోయినచోట అరవై ఏళ్ల తేడా రావడం సహజం. ఈ పరిశీలన వల్ల సంప్రదాయం తప్పనిగాని ఆధునికుల మాట ఒప్పనిగాని తేలదు. రెండు పక్షాలూ ఒకే సంవత్సర నామంపై నిలవగలవని, కాబట్టి పింగళ నామాన్ని ఏ పక్షమూ తన ప్రత్యేక రుజువుగా చూపలేదని మాత్రం తేలుతుంది. వివాదం ఇక సమకాలీన రాజుల, శాసనాల సాక్ష్యంపై సాగాలి. ఉత్సవం భక్తికి సంబంధించినది. దాన్ని కాలనిర్ణయానికి ఆధారంగా పరిశోధకులు ఉదహరించడం మాత్రం తగదు.

రెండవ సందర్భం తాళ్లపాక అన్నమాచార్యులు. జననం 1408 అని ఒక మాట, 1424 అని మరొక మాట. ఎడం 16 ఏళ్లు. సంకీర్తనల రాగిరేకుపై ఉన్న వాక్యంలో శకవర్షం 1346, క్రోధి సంవత్సరం, అన్నమయ్య అవతరణ, పదహారేళ్లకు వేంకటేశ్వరుడు ప్రత్యక్షం కావడం ఒకే కూర్పులో ఉన్నాయి. క్రోధిని అవతరణకు అన్వయిస్తే 1424, ప్రత్యక్షానికి అన్వయిస్తే 1408, సర్వధారి సంవత్సరం. రెండు తేదీల మధ్య ఎడం ఆ వాక్యంలోని వయస్సుతో అచ్చంగా సరిపోవడం వల్ల ఇక్కడ రెండు ఆధారాలు లేవని, ఒకే ఆధారానికి రెండు అన్వయాలున్నాయని రుజువవుతున్నది. కొత్త కాగితం వెదకవలసిన చోటు కాదిది. అన్వయం తేల్చవలసిన చోటు. తెలుగు శాఖ చేయగలిగినంత బాగా ఈ పనిని మరే శాఖా చేయలేదు.

మూడవది శ్రీశ్రీ. తాను 1910 ఏప్రిల్ 30న పుట్టినట్టు ఆయన భావించారు. సాధారణ నామ సంవత్సర చైత్ర శుద్ధ షష్ఠి అన్న లెక్కను పట్టుకున్న పరిశోధకులు ఏప్రిల్ 15 అన్నారు. విశాఖపట్నం పురపాలక నమోదు ఆధారంగా ఫిబ్రవరి 1 అని మరొక నిర్ణయం. మొదటి రెండు తేదీలకు ఎడం 15 రోజులు. ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 10న పడింది కనుక శుద్ధ షష్ఠి 15వ తేదీ. పదిహేను రోజుల తరువాతి ఏప్రిల్ 30 చైత్ర బహుళ షష్ఠి. తిథి ఒకటే, పక్షం మారింది. శుద్ధ బహుళాల తారుమారు వల్ల ఈ తేడా వచ్చి ఉండవచ్చునన్న అవకాశాన్ని తేదీలే సూచిస్తున్నాయి. ఫిబ్రవరి 1 ఈ కుటుంబంలోనిది కాదు. ఆ నాటికి సాధారణ సంవత్సరమే రాలేదు, సౌమ్య నడుస్తున్నది. కాబట్టి పురపాలక నమోదును స్వీకరించేవారు తిథిని సవరిస్తే చాలదు, సంవత్సర నామాన్నే వదులుకోవాలి. బిడ్డకు పేరు పెట్టకముందే జరిగే నమోదు విషయంలో ఆ వరుస ఏ బిడ్డదో తేల్చుకోవడం వారి మొదటి బాధ్యత. మూడు తేదీలను ఒక వరుసలో పేర్చి ఒకదాన్ని ఎంచుకోవడం వల్ల ఈ అమరిక మొత్తం కనబడకుండా పోతుంది.

ప్రపంచ చరిత్రలోనూ ఇదే తీరు. జార్జ్ వాషింగ్టన్ పుట్టిన తేదీ పాత పద్ధతిలో 1731 ఫిబ్రవరి 11, కొత్త పద్ధతిలో 1732 ఫిబ్రవరి 22. పదకొండు రోజుల తేడా పంచాంగం మార్పు వల్ల, ఏడాది తేడా సంవత్సరారంభం మార్పు వల్ల వచ్చాయి. రెండూ నిజమే; వాటిలో ఒకదాన్ని 'తప్పు' అనే చరిత్రకారుడు లేడు. ఈ ఉదాహరణలన్నిటినీ కలిపి చూస్తే 60 ఏళ్ల తేడా సంవత్సర చక్రాన్ని, 15 రోజుల తేడా పక్షాన్ని, ఒక ఏడాది తేడా సంవత్సరారంభాన్ని, నూటికి మూడేళ్ల తేడా హిజ్రీ వయస్సును అనుమానించమని చెబుతాయి. ఇవి అనుమానాలే, తీర్పులు కావు. అయినా ఎక్కడ తవ్వాలో చూపే అనుమానాలు.

తేదీ వెనుక ప్రయోజనం

కాలగణనతో వివరించలేని తేడాలు మిగులుతాయి. వాటికి తేడా దిశ సమాధానం చెబుతుంది. తేదీ వయస్సును పెంచిందా, తగ్గించిందా? పెంచడం వల్ల, తగ్గించడం వల్ల అప్పుడు ఎవరికి ఏ ద్వారం తెరుచుకుంది?

తెలంగాణ పల్లెలో ఈ ప్రశ్న పుస్తకాలది కాదు. ఆసరా వృద్ధాప్య పింఛను వయస్సును 2021లో 65 నుంచి 57కు తగ్గించారు. 2018లో మొదలైన రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల వారికే వర్తిస్తుంది. రైతు మరణిస్తే కుటుంబానికి 5 లక్షల రూపాయలు. ఒక పథకానికి వయస్సు ఎక్కువ ఉండాలి, మరొక పథకానికి తక్కువ ఉండాలి. ఆధార్‌లో ఉన్న ఒకే తేదీ రెండింటికీ తాళం చెవి. పింఛను కోసం పెంచుకున్న వయస్సు రేపు బీమాను దూరం చేయవచ్చు. ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 61 అయినందున సర్వీసు రిజిస్టరులోని తేదీ తక్కువ వయస్సు వైపు మొగ్గడానికి ప్రోద్బలం ఉంటుంది. పదో తరగతి దాటని స్త్రీ గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలన్న ఎమిగ్రేషన్ నిబంధన పాస్‌పోర్టులోని వయస్సును మరో వైపు లాగుతుంది. శంషాబాదు విమానాశ్రయపు కౌంటరు ముందు నిలిచిన తేదీ ఇన్ని ఒత్తిళ్ల మధ్య తయారైనది కావచ్చు. ఆ తేదీని అబద్ధమని నిందించడం పరిశోధన కాదు. బతుకు ఏ గేటు ముందు నిలబడి ఆ తేదీని చెప్పవలసి వచ్చిందో గుర్తించడం పరిశోధన.

ఇది నిరక్షరాస్యుల సమస్య మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. భారత సైన్యాధిపతిగా ఉన్న జనరల్ వి.కె.సింగ్ పుట్టిన సంవత్సరం ఒకే సైన్యంలోని ఒక విభాగపు రికార్డులో 1950గా, మరో విభాగపు రికార్డులో 1951గా ఉండిపోయింది. 2012లో ఆ వివాదం సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. క్రమశిక్షణకు పేరుబడిన సంస్థలోనే రెండు తేదీలు దశాబ్దాలపాటు పక్కపక్కన బతికాయంటే, ఫౌతి, విరాసత్ కాగితాల కోసం తహసీలు కార్యాలయం చుట్టూ తిరిగిన రైతు కుటుంబంలో మూడు తేదీలుండటం వింత కాదు.

గుండ్రని సంఖ్యలు కూడా సాక్ష్యమే. జనవరి 1, జూన్ 1, జూలై 1 అన్న తేదీలు పుట్టుకను చెప్పడం కన్నా నమోదు తీరును ఎక్కువ చెబుతాయి. వయస్సు మాత్రమే తెలిసినచోట ఆధార్‌లో జనవరి 1 పడుతుంది. బడిలో చేర్చేటప్పుడు పంతులు వేసిన తేదీ బడి తెరిచే కాలం చుట్టూ తిరుగుతుంది. సున్నాతోనో ఐదుతోనో ముగిసే వయస్సులు దస్తావేజుల్లో, ఓటరు జాబితాల్లో విపరీతంగా కనిపిస్తాయి. అటువంటి సంఖ్యకు ఇరువైపులా కొన్నేళ్ల సడలింపు ఇచ్చి చదవడమే న్యాయం.

ఒక నమూనా

పద్ధతిని చూపడానికి ఊహించి నిర్మించిన ఒక నమూనాను పరిశీలించవచ్చు. శంషాబాదు సమీప గ్రామంలో ఒక రైతుకు నాలుగు ఆధారాలున్నాయనుకుందాం. ఆధార్‌లో 1935 జనవరి 1. 1995 ఓటరు జాబితాలో వయస్సు 60. ఉర్దూ మాధ్యమపు బడి రిజిస్టరులో ఫసలీ 1346లో ప్రవేశం, వయస్సు 6. కుటుంబ స్మృతిలో ప్రమోదూత సంవత్సరం, పుష్య మాసం. హిమాయత్‌సాగర్ కట్ట పూర్తయ్యాక పుట్టిన అన్నకు ఈయన రెండు మూడేళ్లు చిన్న.

సంఖ్యాబలాన్ని నమ్మితే 1935 నెగ్గుతుంది, రెండు పత్రాలు దాన్నే చెబుతున్నాయి కనుక. కాని 1995లో 60 అన్నది గుండ్రని వయస్సు. ఆధార్ నమోదు దానినే చూసి జరిగిందైతే రెండూ ఒకే సాక్షి. బడి రిజిస్టరు జననానికి అతి దగ్గరి పత్రం. ఫసలీ 1346 అంటే 1936 అక్టోబరు నుంచి 1937 అక్టోబరు వరకు. ఆరేళ్ల వయస్సు జననాన్ని 1930–31 ప్రాంతానికి తీసుకువెళుతుంది. ప్రమోదూత 1930 ఉగాదితో మొదలైంది. తొందరపాటు పరిశోధకుడు ఇక్కడ 1930 అని రాసి ఊరుకుంటాడు. పుష్య మాసం ఆ సంవత్సరం చివరి భాగంలోది. అది 1930 డిసెంబరు మూడో వారం నుంచి 1931 జనవరి మూడో వారం వరకు నడిచింది. అన్న వయస్సుతో ఉన్న వరుస దీన్ని బలపరుస్తుంది. నిర్ణయం: జననం 1930 డిసెంబరు 20 – 1931 జనవరి 18 మధ్య, 1935 అన్న తేదీ గుండ్రని వయస్సు నుంచి పుట్టి పత్రాల్లో వ్యాపించినది.

ఈ నిర్ణయంలో కుటుంబ స్మృతి నెగ్గడం ముఖ్యం కాదు. ఓడిన తేదీ ఎలా పుట్టిందో చెప్పగలగడం ముఖ్యం. ఓడిన సాక్ష్యానికి వివరణ దొరకనంతవరకు గెలిచిన సాక్ష్యానికి విజయం పూర్తి కాదు.

ఆక్షేపణలు

ఇది చరిత్ర శాఖ పని, సాహిత్య పరిశోధకుల పని కాదన్న ఆక్షేపణ మొదట వస్తుంది. పైన చూసిన మూడు సందర్భాల్లోనూ తీర్పు భాషపై ఆధారపడి ఉన్నది. రాగిరేకు వాక్యాన్వయం, శుద్ధ బహుళాల మాట, సంవత్సర నామాల వాడుక సాహిత్య పరిశోధకుల సొంత క్షేత్రం. పంచాంగం చదవగలిగి, ఉర్దూ రిజిస్టరును చదివించుకోగలిగి, మౌఖిక వాక్యాన్ని వినగలిగిన శాఖ ఇంకేదో చెప్పడం కష్టం.

చట్టమే జనన ధ్రువపత్రాన్ని ఏకైక ఆధారం చేసింది కదా అన్నది రెండవది. 2023 సవరణ ఆ మాటను 2023 అక్టోబరు 1న లేదా ఆ తరువాత పుట్టినవారికే వర్తింపజేసింది. అంతకు ముందు పుట్టిన వారి బహుళ తేదీలను చట్టం రద్దు చేయలేదు. పరిపాలనకు ఒకే తేదీ అవసరం. చరిత్రకు ఆ ఒకే తేదీ ఎలా ఏర్పడిందో తెలియడం అవసరం. రెండు అవసరాలను కలిపివేయడం వల్లనే ఈ గందరగోళం.

జాతకం ఉన్నచోట ఈ శ్రమ దేనికన్నది మూడవది. జాతకచక్రం గ్రహస్థితిని మోస్తుంది కనుక లెక్కకు నిలిచే ఆధారమే. వివాహ ప్రయోజనం కోసం తరువాత రాయించినదా, పుట్టినప్పుడు వేసినదా అన్న ప్రశ్న దానికీ తప్పదు. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటుంది. జాతకం ఎవరి ఇంట్లో ఉండేది? బడి రిజిస్టరులో ఎవరి పేరు ఎక్కేది? ఈ రెండింటినే ఆధారాలుగా గుర్తించే పద్ధతి దళిత, బహుజన రచయితలను, స్త్రీలను 'సుమారు' అన్న ఒక్క మాటలో ముంచివేస్తుంది. తల్లి తన కాన్పుల వరుసను చెప్పే మాట, పొలం ఫౌతి అయిన ఏటిని చెప్పే పహాణీ, 1954–55 ఖాస్రా పహాణీలో పేరు ఎక్కిన లేదా ఎక్కని వైనం కాలనిర్ణయానికి పనికివచ్చే సాక్ష్యాలు. వాటిని చదవడం నేర్చుకోని శాస్త్రీయత ఒక వర్గపు కాగితాలకు మాత్రమే శాస్త్రీయత.

ముగింపు

సిద్ధాంత గ్రంథాల్లో జనన తేదీని ఒక పదంగా కాక ఒక చిన్న నిర్ణయ వాక్యంగా రాయడం ఇకనైనా మొదలుకావాలి. ఆ వాక్యంలో నాలుగు అంశాలుండాలి: దొరికిన తేదీలన్నీ, వాటిని చెప్పిన భాషలో, చెప్పిన కాలగణనలో, ఒక్కొక్కటి ఎవరు, ఎప్పుడు, ఏ ప్రయోజనంతో చెప్పినది, వాటి మధ్య ఎడం, దిశ, స్వీకరించిన తేదీతో పాటు తిరస్కరించిన తేదీ పుట్టుకకు వివరణ. ఫసలీ తేదీని ఆంగ్ల తేదీగా మార్చి మూలాన్ని వదిలివేయడం మూలప్రతిని పారేసి నకలును భద్రపరచినట్టే. పర్యవేక్షకులు, పరీక్షకులు ఈ ఒక్క వాక్యాన్ని అడగడం ప్రారంభిస్తే జీవిత విశేషాల అధ్యాయం స్వభావమే మారుతుంది.

శంషాబాదు చుట్టూ ఉన్న పల్లెల్లో వరదతో, కట్టతో, సంవత్సర నామంతో వయస్సు చెప్పగల వృద్ధులు ఇంకా కొందరున్నారు. వారి మాటను ఆధార్ తేదీతో సరిచూసి 'తప్పు' అని కొట్టివేసే పరిశోధకుడు వెళ్లకముందే, రెండింటి మధ్య ఎడాన్ని కొలిచి రాసుకునే పరిశోధకుడు వారి గడప తొక్కాలి. ఆ పని చేయడానికి తెలుగు శాఖలకు కావలసిన విద్య ఉన్నది. లోపించినది ఆ తేడాను గౌరవించే అలవాటు.